పసుపు పెయింటు

తాళంచెవి మళ్ళీ తిప్పకు, ఎలిసెయో.
ఒక్కసారి టక్కుమంది, చాలు.
అది ఇంజను చెప్పిన మాట.
తరవాతి ఇరవై టక్కులూ నీ మొండితనం.

క్వెయిలెన్ రేవులో ఆటు.
నీ గొలొండ్రీనా బురదలో పక్కకి ఒరిగి
ఈనలేని ఆవులా నావైపే చూస్తోంది.
మొన్నటి వానే ఇంకా కురుస్తోంది.
టార్చి పట్టు. నా మొహానికి కాదు నాయనా,
బ్యాటరీకి.
కుడివైపుకొచ్చి మాట్లాడు,
ఎడమ చెవిని ఫెర్రీ ఇంజను గది తినేసింది
ముప్పై ఏళ్ళు కొంచెం కొంచెంగా.

మీటరు బ్యాటరీ మీద పెట్టి, ఇప్పుడు తిప్పు.
పన్నెండు.
స్టార్టరు దగ్గర పెట్టు. తిప్పు.
నాలుగు.
మరి మధ్యలో ఎనిమిది ఎవరు మింగారు?

తీగ వెంట వెళ్దాం, దొంగ ఇల్లు దొరికేదాకా.
ఇదిగో, ఇంజను ఒంటికి బిగించిన బోల్టు కింద
పాచి రంగు బూజు, పక్కనే కాలిన నలుపు.
బూజు సముద్రానిది. నలుపు నీది.
రాత్రి అరగంటసేపు బాదావు కదూ?
పదమూడో నంబరు పానా ఇయ్యి. గరుకు కాగితం ఇయ్యి.
రాగి ఎర్రగా కనపడేదాకా రుద్దు.
వెసలిన్ తరవాత. ముందు బిగింపు.

ఆఁ, తిరుగుతోంది.
గిర్రున తిరుగుతోంది గానీ పలకడం లేదు.
వెనక గొట్టం చూడు, పొగ ఏదైనా?
నల్లదో తెల్లదో?
ఏదీ లేదా.
పొయ్యి మీద కుండ పెట్టి
కట్టె పెట్టడం మరిచినట్టుంది మన సంగతి.

గురువారం నలభై లీటర్లు పోశానంటావు.
పుల్ల ముంచి చూశాను, అబద్ధం కాదు.
ఫిల్టరు గిన్నె అడుగున రెండు చుక్కల నీళ్ళు,
వదిలేశాం.
మరను సడలించి పంపు మీట కొడుతున్నాను,
నురగ, నురగ, ఆ తరవాత
ఏమీ లేదు.
వేలికి తెలుస్తోంది, పంపు లాగుతోంది,
అవతల ఎవరో వదలకుండా పట్టుకున్నారు.

ట్యాంకు మూత తియ్యి. మెల్లగా.

విన్నావా?
నువ్వు విన్నావు, నీ మొహంలో కనిపించింది.
నాకు వినపడలేదు.
అరచేతిని మాత్రం గాలి లోపలికి లాగింది,
నీళ్ళలోంచి పైకి తేలిన డైవరు
మొదటి గుక్క తీసుకున్నట్టు.
లూగా నాచు కోసం మునిగేవాడివి,
ఆ గుక్క నీకు నేను చెప్పాలా?

పుల్ల ముంచినప్పుడే మూత తీశాను,
అప్పుడూ లాగే ఉంటుంది.
వినని చెవితో పని చేస్తే ఇంతే.
నా తప్పు, రాసుకో.

ట్యాంకుకి గాలి ఎటునుంచి పోవాలి?
పక్క చెక్కలో చిటికెనవేలంత రంధ్రం.
ఏదీ?
టార్చి కిందికి పట్టు.
పసుపు. అంతా పసుపు.
సాన్ పెద్రో ఊరేగింపుకి నువ్వూ మీ అక్క ఉల్దా
రెండు రాత్రులు మేలుకుని వేసిన పసుపు.
జానెడు చోటు కూడా వదల్లేదు.
ఆ రోజు గట్టు మీద నిలబడి
"చూడండర్రా, జానెడు చోటు కూడా వదల్లేదు" అని
పది మందికీ మెచ్చుకుని చెప్పింది
ఎవరనుకున్నావ్, నేనే.

గోనెసంచి కుట్టే సూది తెచ్చాను.
తొక్క చుట్టలా ఊడొచ్చింది.

ఇప్పుడు మీట కొట్టు.
బుడగలు. ఇంకా కొట్టు. చెయ్యి నొప్పెడితే రెండో చెయ్యి ఉంది.
బుడగలు పలచబడ్డాయి.
అదిగో, తేనెరంగు ధార, గాలి లేని ధార.
మర బిగించు.
పోటు పైకొచ్చి, నీళ్ళు పీల్చే రంధ్రం మునిగేదాకా
ముట్టుకోకు. కూర్చో. రొట్టె ఉందా?

మూడో తిప్పుకి దగ్గింది,
తెల్లగా పొగ వదిలి
కాళ్ళ కింద చెక్కలన్నిటినీ వణికించింది.
నాకు అలాగే వినపడుతుంది, అరికాళ్ళతో.

డబ్బులు ఎంతని అడక్కు, ఇయ్యి.
పెయింటుకి దొరికాయిగా.

ఇంటికొచ్చి పిండి పిసుకుతుంటే
గోటికింద ఇంకా కాస్త పసుపు.