నీది ఏ గ్రూపు?

అచ్చంపేట సర్కారు దవాఖానల
రక్తపరీక్షల గది నాది.
కుర్చీకి ఒక చెయ్యి ఇరిగింది,
కిటికీకి అద్దం లేదు, అట్టముక్క ఉంది.
పొద్దున తొమ్మిదింటి సంది
అడిగిందే అడుగుత:
నీది ఏ గ్రూపు?

ఉశేనమ్మ కొంగు నోట్లె కుక్కుకొని
కండ్లు గట్టిగ మూసుకొని చెప్పింది:
"నాగదేవత గ్రూపు మేడం.
పదిమందిమి. మొన్నటి కిస్తీ కట్టినం,
సాయమ్మదొక్కదానిదే బాకి.
దానికోసం గూడ సూది గుచ్చుతరా?"

తావుర్యా కొడుకు గోడకానుకొని
మడతలు పడ్డ పుస్తకం చదువుతున్నడు.
"గ్రూప్ టూ మేడం. ఫోర్ గూడ రాసిన."
ఆరేండ్లాయె రాయబట్టి.
పరీక్ష పడుతది, ఆగుతది,
మల్ల పడుతది.
తండాల అందరు వాన్ని ఆఫీసరూ అనే పిలుస్తరు,
ఇప్పుడిప్పుడు జర నవ్వుకుంట.
ఏ పాజిటివ్ అని చెప్పిన.
"ఏదన్న ఒకటి పాజిటివొచ్చింది," అన్నడు.

సర్పంచి బామ్మర్ది
అటిటు చూసి తలుపు దగ్గరికేసిండు.
"నాకు గ్రూపుల్లెవ్వమ్మ.
పాతోళ్ళకు పాతోన్ని, కొత్తోళ్ళకు కొత్తోన్ని."
ఏబీ వొచ్చింది.
ఎవరిచ్చినా తీసుకునే రక్తమది.
ఆయనకు చెప్పలే.

ఒక పిల్ల బైపీసీ అన్నది.
వాళ్ళమ్మ, ఎంపీసీ తీసుకొమ్మంటె ఇన్లే అన్నది.
రిపోర్టు చేతికొచ్చేదాంక
ఇద్దరు కొట్లాడుకున్నరు.

నా ఫోన్ల గూడ ఉంది ఒక గ్రూపు.
మా ఇంటిది.
రోడ్డుపక్క ఎకరన్నర పంచుకున్న నాడు
మా అన్న అందులకెళ్ళి ఎల్లిపోయిండు.
బూడిద రంగుల ఒక్క లైను, సన్నగ.
ఎవ్వరం ఏమనలే.
జరసేపటికి మా మేనత్త
గులాబిపువ్వు పెట్టింది, శుభోదయమని.

మన్నెమయ్య మధ్యాహ్నం వొచ్చిండు.
కాలికి దెబ్బ, ఆపరేషన్ రాసిన్రు.
నీది ఏ గ్రూపు తాతా?
"గ్రూపు యాడిది బిడ్డా, మాది గుంపు.
ఇరవై పారల గుంపు.
మేస్త్రి మా పేర్లు రాసుకోకపోవు,
పారలు లెక్కబెట్టుకుంటుండె.
నర్మద కాడ మట్టి మోసినం,
కొంకణ్ల సొరంగం తవ్వినం.
రైలు పోయినంక మేం సూడలే."

తెల్లపలక మీద మూడు చుక్కలేసిన.
ఒకదాంట్ల నీలం మందు,
ఒకదాంట్ల పసుపుపచ్చది,
ఒకదాంట్ల రంగులేనిది.
పుల్లతోని కలిపి పలకను అటిటు ఊపిన.
నెత్తురు యాడ గుంపు గడితె
ఆడ గ్రూపు.
నేను చదివిన చదువంత గింతే.

మన్నెమయ్యది యాడ గుంపు గట్టలే.
మూడు చుక్కలు సాఫుగ,
పారాణి నీళ్ళ లెక్క.
నమ్మబుద్ది గాక మల్ల చేసిన.
అదే.

ఓ నెగెటివ్ తాతా.
"మంచిదేనా?"
ఎవరికైనా ఇయ్యొచ్చు.
"ఇచ్చినం గద," అన్నడు.
జర ఆగి, "మరి నాకు?"
నాకు చెప్పబుద్ది గాలే.
నీ అసొంటోల్లదే గావాలె.

వేళ్ళ మీద లెక్కబెట్టిండు.
ఒగడు సొరంగంల.
ఇద్దరు బొంబాయిల ఆడనే.
వాని తమ్ముడు కల్లుదుకాణం కాడ.
బాలకిష్టి ఉన్నడో లేడో తెల్వదు,
ఉన్నా కండ్లు గనపడవు.
చిటికెన వేలి కాడికి వొచ్చి
మల్ల మొదటికెళ్ళి మొదలువెట్టిండు.

బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసిన.
మహబూబ్‌నగర్ల ఒకటుందన్నరు,
రేపు రావొచ్చన్నరు, సూస్తమన్నరు.

రిజిస్టరుల పేరు, ఊరు, గ్రూపు.
ఆ మూడో గడి చానా చిన్నది,
రెండక్షరాలకే జాగ.
ఇరవై పారలు అని రాస్తె పట్టది.
దూది వొత్తిపట్టు తాతా, ఇడువకు, అన్న.
సూది మార్చిన.