మూడో తాడు

పూర్ణా మార్కెట్ వెనక పాత ఇనుము కొట్లో
కిలోల లెక్కన తూచి ఇచ్చాడు పైపుని.
మూడు ముక్కలు. నడిమి ముక్కకి చిన్న వంపు.
కోటవీధిలో ఖాదర్‌వలీ మాస్టారి డాబా మీద
ఇరవయ్యేళ్లు నిలబడి
హుద్‌హుద్ నాడు ఒక్క పూటలో వంగిన వంపు.
సుత్తితో సాపు చేయించమంటారా అని అడిగితే
"వద్దమ్మా, దెబ్బ పడితే అక్కడే విరుగుద్ది.
వంపు సముద్రం వైపు పెట్టు.
మళ్లీ వస్తే అదే సాపు చేసి పోతుంది"
అన్నారాయన, సాసర్లో టీ ఊదుకుంటూ.

ఆటోవాడు నూటయాభై అన్నాడు,
బయటికి వేలాడే సరుక్కి ఎర్రగుడ్డ ఉండాలన్నాడు.
నా చున్నీ ఎర్రదే.
జగదాంబ నుంచి పెదజాలరిపేట దాకా
దాన్ని గాలికి ఇచ్చేసి కూర్చున్నాను.

పాలిటెక్నిక్ ల్యాబులో పదహారేళ్లుగా
పిల్లల చేత తరంగాలు కొలిపిస్తున్నాను,
తెర మీద పచ్చగా పాకే గీతల్ని.
డాబా ఎక్కాకే తెలిసింది
తరంగానికి కావలసింది ముందు సిమెంటు,
ఆ తర్వాత పక్కింటివాళ్ల ఒప్పుకోలు.

స్తంభానికి మూడు తాళ్లు.
ఒకటి నీళ్ల ట్యాంకు దిమ్మెకి,
ఒకటి మెట్లగది కొక్కేనికి.
మూడోది ఎటు తిప్పి చూసినా
తెడ్డు అమ్మోరమ్మ డాబా మీదే దిగుతోంది,
నెత్తళ్లు ఎండే చోట.

"ఏటే అది, సెల్ టవరా? పిచికలు సచ్చిపోతాయంట!"
కాదన్నాను.
"అద్దె ఏటైనా వస్తదా?"
రాదన్నాను.
"మరెందుకే?"
ఎక్కడో ఎవరో పిలుస్తారు, మనం పలుకుతాం అన్నాను.

ఫోనుంది కదా అనలేదామె.
తుఫాను వారం ఆమెకీ గుర్తే,
వాడంతా ఒక్క ఫోనూ మోగని రోజులు.
కొడుకు పోలరాజు పడవ భీమిలి దగ్గర ఒడ్డుకి కొట్టిందని
మూడోనాడు ఎవడో సైకిల్ మీద వచ్చి చెప్పాడు.
చేపల గోనెని కాలితో పక్కకి జరిపింది:
"ఇక్కడ కట్టుకో."

పోలరాజు వచ్చి నా ముడి చూశాడు. నవ్వలేదు.
విప్పేశాడు.
లంగరు తాడు తెచ్చి
రెండు చుట్లు, ఒక మెలిక, బొటనవేలితో ఒక నొక్కు.
లాగితే బిగిసేది, తడిస్తే ఇంకా బిగిసేది.
ఎలాగో చెప్పమంటే చెప్పలేడు,
ఆ చేతుల్ని మళ్లీ చూడాలి, అంతే.

రాగితీగ రెండు చేతులూ ముప్పైమూడేసి అడుగులు.
పైన రెండడుగులు ఎక్కువే ఉంచాను,
తెంపినవాడు అతకలేడనే మాస్టారి మాట గుర్తుండి.
మీటరు ముల్లు మూడు దగ్గర మొరాయించింది.
దించు, జానెడు కొయ్యి, ఎక్కించు.
దించు, బెత్తెడు కొయ్యి, ఎక్కించు.
దించు, వేలెడు.
మరో వేలెడు.
ఆరోసారికి కైలాసగిరి మీద దీపాలు వెలిగాయి,
అరచేతులు మండుతున్నాయి,
ముల్లు ఒకటి దగ్గరికి జారి
జ్వరం దిగిన పిల్లలా పడుకుంది.

రాత్రి పదకొండు. చెవుల్లో ముందు
ట్రాన్స్‌ఫార్మర్ గురక, ఎవరింటిదో బల్బు కీచుమనడం.
చాలాసేపు అంతే.
అప్పుడు, ఇసకలో గవ్వ కాలికి తగిలినట్టు, ఒక గొంతు.
పోర్ట్ బ్లెయిర్ నుంచి బెనెడిక్ట్ కుజూర్.
పేర్లు చెప్పుకున్నాం, ఊళ్లు చెప్పుకున్నాం,
ఎంత బాగా వినిపిస్తున్నామో రెండంకెల్లో చెప్పుకున్నాం.
ఇక మాటలేం దొరక్క
వాతావరణం చెప్పుకున్నాం.

తెల్లారేసరికి అమ్మోరమ్మ
తాడుని వేలితో మీటి చూస్తోంది.
"మాటాడినావా? ఏటన్నాడు ఆ మనిసి?"
"రెండ్రోజులుగా అక్కడ వానట. గాలి కూడానట."
"దీనికా ఇంత!" అంది.

అని, సముద్రం వైపు కాసేపు చూసి,
కొంగు దోపుకుని
సగం ఎండిన నెత్తళ్లని గంపలోకి ఎత్తడం మొదలెట్టింది.
తాడు కింద నుంచి వంగి వెళ్లి
నేను రెండో గంప అందుకున్నాను.