జీరో చూస్కోండి

నారాయణగూడ బంకులో పొద్దున్నే ఒక పిల్లగాడు
నా స్కూటర్ ట్యాంకు మూత తీసి
"సార్, జీరో చూస్కోండి" అంటాడు.
చూస్తాను.
నిజం చెప్పాలంటే, చూసినట్టు తలూపుతాను.
నేను సెమిస్టరంతా చెప్పేది
వాడు రెండు మాటల్లో చెప్పేశాడని
ఒకరోజు సిగ్నల్ దగ్గర తట్టింది.
వెనకాల హారన్లు.

ఇరవై రెండేళ్లుగా కామర్స్ చెబుతున్నాను.
డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి.
గుడ్‌విల్ ఆస్తుల కింద వస్తుందని బోర్డు మీద రాసి
చేతికంటిన సుద్ద దులుపుకుంటూ కాసేపు ఆగేవాణ్ణి,
ఎవరైనా అడుగుతారేమోనని.
ఒక్క సబిత అడిగింది, చాలా ఏళ్ల కింద:
"మరి మంచిపేరు కొనుక్కోవచ్చా సార్?"
బెల్లు కొట్టారు.

ఆ జవాబు బాకీ ఉండిపోయింది.
దాన్ని తీర్చడానికే రాయడం మొదలుపెట్టాను.
రాత్రి పది దాటాక, భోజనాల బల్ల తుడిచి,
చారు మరక మీద కాయితాలు పరుచుకుని
వ్యాపారం గురించి, నీతి గురించి.

బేగంబజార్‌లో జీలకర్ర అమ్మిన ఘనశ్యామ్ సేఠ్ గురించి రాశాను.
సంచి బరువు తీసేసి తూచేవాడు,
ముల్లు నిలబడ్డాక మళ్లీ చిటికెడు వేసేవాడు.
ఎందుకంటే "అది మీది కాదు, నా భయానిది" అనేవాడు.
మోండా మార్కెట్లో
పైన ఇవాళ్టి టమాటా, కింద మొన్నటిది
పేర్చిన బుట్ట గురించి రాశాను.
గడువు తేదీ మీద కొత్త స్టిక్కరు అంటించే
మందుల గోదాము గురించి
పళ్లు కొరుకుతూ రాశాను.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
అందరూ వేరేవాళ్లు, అంతే.

జూన్‌లో చిక్కడపల్లి మలుపులో మా కాలేజీ హోర్డింగ్ లేచింది.
సి.ఏ. ఫౌండేషన్ ర్యాంకులు, నవ్వే ముఖాలు.
రెండో వరసలో కళ్లద్దాల కుర్రాడు
మా గడప తొక్కలేదు ఎన్నడూ.
ఫోటోకి ఎంత ఇచ్చారో
స్టాఫ్‌రూములో చాయ్ తాగుతూ పందెం వేసుకున్నాం.
దగ్గరగా చెప్పింది నేనే.
సమోసా గెలిచాను.

అడ్మిషన్ల బల్ల దగ్గర నా వంతు వచ్చిన రోజు
ఫలక్‌నుమా నుంచి జహీరుద్దీన్ వచ్చాడు,
ఖాకీ చొక్కా, పక్కన బిడ్డ.
గోడ మీది ఫోటోకి వేలు చూపించి
"ఈ పిల్లగానికి మీరే చెప్పిన్రా సార్?" అన్నాడు.
"ఊఁ" అన్నాను.

ఒక్క అక్షరం. అరసున్నాతో సహా.

దస్తీ ముడి విప్పాడు. నోట్లలో పెట్రోలు వాసన.
రెండుసార్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
"మీరు కూడా ఒకసారి చూస్కోండి సార్" అన్నాడు.
ఎక్కువొచ్చిందో నోటు.
వెనక్కిచ్చాను.
దానికి అతను నాకు దండం పెట్టాడు.

ఆ రాత్రి "ఒక వ్యాపారి" అని మొదలుపెట్టి కొట్టేశాను.
"కొన్ని విద్యాసంస్థలు" అని రాసి
దాన్నీ కొట్టేశాను. ఎంత నున్నటి మాట అది,
చెయ్యి పెడితే జారిపోతుంది.
వసుంధర లేచి వచ్చి, నీళ్లు తాగి,
"ఇంటి లోను ఇంకా ఆరేళ్లుంది" అని మాత్రం అంది.
వద్దనలేదు.
లైటు ఆర్పలేదు.

తెల్లారేసరికి కాయితం మీద ఉన్నది ఒకటే వాక్యం:
నేను ఊఁ అన్నాను.
దాని కింద అతని ఫోన్ నంబరు,
అప్లికేషన్ ఫారం నుంచి ఎక్కించుకున్నది.

బంకులో పిల్లగాడు మూత తీశాడు.
"సార్, జీరో చూస్కోండి."
చూశాను.
సున్నా, చుక్క, సున్నా, సున్నా.
ఎంతసేపు చూశానో,
"ఏమైంది సార్," అన్నాడు వాడు, కంగారుగా,
"మిషన్ కరెక్టే సార్.
కొట్టమంటారా?"