బొటనవేలి కింద వచనం

ముప్పై ఏళ్ళుగా ఆ పేజీలో
నా బొటనవేలు ఒకే చోట ఆగుతుంది.

పరాయి ఏటి ఒడ్డున కూర్చుని ఏడ్చిన చెరవాళ్ళ కీర్తన.
ఎనిమిది వచనాల దాకా గొంతు విప్పి చదువుతాను.
తొమ్మిదోది రాగానే వేలు అడ్డుపెట్టి
ప్రభువుకు స్తోత్రం అనేస్తాను.
మా కిత్గుమ్ వైపు, ఆ యుద్ధం తర్వాత,
పసిబిడ్డ, బండ అనే రెండు మాటల్ని
ఒక్క ఊపిరిలో పలికే ధైర్యం
ఏ ఉపదేశికీ లేదు.

సెమినరీ నుంచి వచ్చిన కుర్ర ఫాదర్ ఒకసారి
షియా చెట్టుకి బోర్డు ఆనించి, సుద్దముక్కతో విడమరిచాడు:
పసివాళ్ళంటే పసివాళ్ళు కాదట,
మనసులో అప్పుడే పుట్టిన పాపపు తలపులట.
బండంటే క్రీస్తట.
బాగుంది. నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.
వెనకెక్కడో నువ్వులు చెరుగుతున్న విన్సెన్సియా
చేట ఆపకుండానే అంది:
"ఏడుగుర్ని కన్నాను ఫాదర్.
రాత్రిళ్ళు పాల కోసం ఏడ్చిన పాపం
వాళ్ళలో ఒక్కటీ లేదు."

ఈ నవంబరులో, పోయినవాళ్ళ కోసం ప్రార్థించే నెలలో,
నా కళ్ళకి పొర కమ్మింది.
పుస్తకం లన్యేరోకి ఇచ్చాను.
బడిపిల్ల. దాని వేలికి ఏ భయమూ తెలీదు.
తొమ్మిదీ చదివేసింది,
స్పష్టంగా, పరీక్షలో అప్పజెప్పినట్టు.

రేకుల కప్పు ఎండకి టప్పుమంది.
గుమ్మం పక్కన కూర్చునే ఒక్వేరా లేచి వెళ్ళిపోయాడు.
తొమ్మిదేళ్ళప్పుడు ఎత్తుకుపోయారు వాణ్ణి,
పదకొండేళ్ళు అడవిలో ఉన్నాడు,
అక్కడ ఏం చేశావని మేమెవరం అడగం.
ఒక చెప్పు ఇక్కడే ఉండిపోయింది.

నేను దగ్గి, "ఇది పాత నిబంధన, తల్లులారా,
ఆ కాలం వేరు..." అని మొదలుపెట్టాను.

"కూర్చో ఉపదేశీ," అంది విన్సెన్సియా.
"నువ్వు దాచినంత కాలమూ అది నా నోట్లోనే ఉంది.
చిన్నప్పుడు సిస్టర్లు నేర్పారు, అర్థం చెప్పలేదు.
నా ఐదోవాడు పోయినరోజు అర్థమైంది.
చేతికి రాయి అందిన రోజులున్నాయి నాకు.
రాయి ఎత్తలేదు. ఈ మాట ఎత్తాను.
తిన్నగా దేవుడి మొహాన విసిరాను.
తప్పుకోలేదాయన.
ఇలా చెయ్యమని ఆయన చెప్పాడని ఎవరన్నారు?
ఇది ఆయన మాట కాదయ్యా, మాది.
తన పుస్తకంలో కాస్త చోటిచ్చాడు."

"మరి ఒక్వేరా మామ?" అంది లన్యేరో.

విన్సెన్సియా నోరు తెరిచింది.
మూసుకుంది. కూర్చుంది.
ఆ రోజు ఆమేన్ ఎవరన్నారో, అసలు అన్నారో లేదో
నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం తూర్పున మబ్బు లేచింది.
గుడి వెనక పెద్ద బండ మీద ఆమె నువ్వులు ఆరబోసి ఉన్నాయి.
బండ అంచున ఒక్వేరా, ఒక కాలికే చెప్పు.
"ఒరేయ్, ఆ కొస పట్టుకో," అని కేకేసింది.
వాడు కదల్లేదు.
బండ మీద అడుగు పెట్టలేదు.
ఆమె వాడి కాళ్ళవైపు చూసింది, చాలాసేపు.
తర్వాత తనే నువ్వులతో సహా గుడ్డని
మట్టినేల దాకా ఈడ్చుకొచ్చింది.
అక్కడ పట్టుకున్నాడు రెండు కొసలూ.
దారంతా కొన్ని ఒలికాయి.

దీన్ని క్షమాపణ అని రాసుకోకండి.
వాన వస్తోంది, నువ్వులు తడుస్తాయి, అంతే.
నేను కిటికీ దగ్గర వాడి చెప్పు పట్టుకుని నిలబడ్డాను,
ఎప్పుడు ఇవ్వాలో తెలీక.

రాత్రి దీపం దగ్గరికి లాక్కుని ఆ పేజీ తీశాను.
ముప్పై ఏళ్ళ చెమటకి తొమ్మిదో వచనం మసకబారింది.
అక్షరాలైతే పోలేదు.
వేలితో తడిమి చూశాను.
కాస్త నలుపు
వేలికే అంటింది.