పసుపు రంగు కోసం

సూర్యారావుపేటలో, రెండో అంతస్తు ల్యాబులో
పగలంతా నా పని
క్రిముల్ని పట్టివ్వడం.
కళ్ళెలో, పసిపిల్లల మూత్రంలో,
మానని పుండు మీద తుడిచిన దూదిలో
ఎవరు దాక్కున్నారో పేరు రాసి,
ఏ మందుకు చస్తారో ఎదురుగా టిక్కు పెట్టి
సంతకం చేస్తాను.

సాయంత్రం గుణదలలో బస్సు దిగి
అవే చేతులతో
సీసా మూత తిప్పుతాను.

"బాగా కుదిపి పొయ్యండి మేడం,
బతికున్న సరుకు" అన్నాడు ఖాజావలి,
మూడొందల యాభై లెక్కపెట్టుకుంటూ.
మే నెల ఎండ. ఆటోలో
ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పి తెచ్చాను,
అదేదో పాలు తాగే బిడ్డయినట్టు.

తొట్టె నిండా కృష్ణ నీళ్ళు.
క్లోరిన్ వాసన పోయేదాకా రెండ్రోజులు
బక్కెట్లలో ఊరికే కూర్చున్న నీళ్ళు.
పాచి లేదు, చేప లేదు.
చిన్న మోటారొకటి గుర్రుమంటూ
లేనివాళ్ళకి గాలి ఊదుతోంది.

రోజూ చిటికెడు మేత వేస్తుంది నిస్సీ.
"ఎవరు తింటారమ్మా?"
"ఎవరూ తినరు. కుళ్ళనీ."
ఏడేళ్ళ పిల్లకి ఎలా చెప్పను
కాపురం పెట్టాలంటే
ముందు కాస్త కుళ్ళు కావాలని.

పక్కవాటా భూలక్ష్మి గారు రెండుసార్లు వచ్చి చూశారు.
"చేపలేవమ్మా?"
"ఇంకా రాలేదండి."
"మరి లైటెందుకు?"

నాలుగో రోజు నీళ్ళు గంజిలా అయ్యాయి.
తొమ్మిదో రోజు తేటపడ్డాయి.
రాత్రి గిన్నెలు కడిగాక
గాజుగొట్టంలో అయిదు మిల్లీలీటర్లు, మందు చుక్కలు,
ట్యూబ్‌లైటు కింద తెల్లకాగితం.
ఆకుపచ్చ. అమ్మోనియా.
మర్నాడూ ఆకుపచ్చే.
బెంజిసర్కిల్ సిగ్నల్లో ఎప్పుడూ దొరకనిది
మా ఇంట్లో వదలడం లేదు.

ఆగలేక ఒకరోజు
స్పాంజి పిండిన చుక్క ల్యాబుకి పట్టుకుపోయి
భోజనాల వేళ, దొంగతనంగా,
రంగు పూసి మైక్రోస్కోపు కింద పెట్టాను.
గులాబీ నలుసులు కొన్ని.
పదకొండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి
బతికున్నారా అని అడిగాను వాళ్ళని.
ఎలా చెప్తారు,
స్లైడు మంట మీద కాల్చింది నేనే.

పదిహేనో రోజు అమ్మోనియా తగ్గింది,
ఇంకో గొట్టంలో ఊదా రంగు తేలింది.
మొదటి బంతి లేచింది.
వాళ్ళు మిగిల్చింది తినాల్సిన రెండో బంతి
ఇంకా విస్తళ్ళ ముందుకి రాలేదు.

ఆ ఆదివారమే
నేను చర్చి నుంచి వచ్చేసరికి
రాజారత్నం స్పాంజిని కుళాయి కింద
పిండి పిండి ఉతికి
బాల్కనీ తీగ మీద ఆరేశాడు.
"ఎంత మురికి పట్టిందో తెలుసా"
అన్నాడు, మెచ్చుకుంటానని.

అతని గోళ్ళ సందుల్లో ఇంకా గోధుమరంగు జిగట.
పదిహేను రోజుల ఊరు
సింకులోంచి కాలువ వైపు పోతోంది.
ఏమీ అనలేదు నేను.
అన్నం పెట్టేటప్పుడు మాత్రం
గరిటె కొంచెం గట్టిగా తగిలింది.

మళ్ళీ సీసా. అడుగున మిగిలింది రెండు మూతలు.
కుదిపాను. పోశాను.

కరెంటు పోయిన రాత్రి, రెండున్నర దాకా,
రాజారత్నం స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచి
టీ ఆర్చినట్టు
ఎత్తు నుంచి పోస్తూనే కూర్చున్నాడు.
సెల్‌ఫోను వెలుగులో,
ఎవరి ఊపిరి కోసమో తెలియకుండా,
బనీను తడిసిపోయి.

ఇవాళ ముప్పై నాలుగో రోజు.
ఒక గొట్టంలో పసుపు.
ఇంకోదాంట్లో లేత నీలం.
వేసిన మేతంతా ఎవరు తిన్నారో
మూతి తుడుచుకున్న గుర్తు కూడా లేదు.
నమ్మలేక మళ్ళీ చేశాను.
పసుపే.
ల్యాబులో ఇంత శుభ్రంగా ఉంటే
ఎవరూ లేరని రాసిచ్చేదాన్ని.

నిస్సీని లేపబోయి మానేశాను.
లైటు ఆర్పాను. వాళ్ళకి అక్కర్లేదు.
మోటారు గుర్రుమంటోంది.
ఖాజావలి కొట్టు పదింటికి తీస్తాడు.