పద్నాలుగు వందలు తక్కువ

ఊటకి విలువ కట్టింది నేనే.
సెప్టెంబరు చివర, ఇంకా మంచు పడకముందు
బకెట్టూ, టేపూ, స్టాప్‌వాచీ పట్టుకుని
సుర్‌సెల్వా లోయ పైకి ఎక్కాను.
బార్లా తువోర్ తలుపు తీయలేదు.
కిటికీలోంచి వేలు చూపించింది:
అదిగో, అక్కడ.

ఊట మొదట్లో బకెట్టు నిండడానికి
నలభై ఒక్క సెకన్లు.
మూడుసార్లు పట్టాను, మూడుసార్లూ అంతే.
కింద, లార్చి మాను తొలిచిన ఎండు తొట్టి.
మేకల మెడలు రాసుకుని రాసుకుని
అంచు నున్నబడింది.
తొట్టికి తరుగుదల వేశాను.
నునుపుకి నా ఫారంలో గడి లేదు.

నీళ్లిప్పుడు నల్ల పైపులో
పినతండ్రి కొడుకు ప్లాసీ కట్టిన
ఆరు గదుల అతిథిగృహానికి పోతున్నాయి.
చెడ్డవాడేం కాదు, నాకు కాఫీ ఇచ్చాడు.
"ఒప్పందం తాత నోట్లో ఉండేది,
తాతతోనే పోయింది" అన్నాడు.

ఇరవై ఎనిమిది వేల ఆరు వందల ఫ్రాంకులు.
కింద గీత గీసి సంతకం చేసి
సాయంత్రం రైలుకి ఇంటికొచ్చి
సూపు తాగి పడుకున్నాను.

జిల్లా కోర్టు ఔనంది.
కూర్‌లో పై కోర్టు కాదంది.
ఇక మిగిలింది లోజాన్.
లాయరు ఫ్లూరినా కమెనిష్ కళ్లద్దాలు తీసి చెప్పింది:
ఆ గడప ఎత్తు ముప్పై వేలు.
అంత లేకపోతే
దేశమంతటికీ అక్కరకొచ్చే సందేహం ఒకటి
చేతబట్టుకుని వెళ్లాలి.
ఒక ముసలామె, పదకొండు మేకలు, ఒక తొట్టి.
ఇందులో దేశానికి సందేహమేముంది?

తప్పనను. గడప లేని ఇల్లుండదు.
ప్రతి కంచె తగువూ కొండ దిగి వచ్చి కూర్చుంటే
అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు.
ఆ లెక్క నాకూ తెలుసు.
కాకపోతే
గడప ఎత్తు పార్లమెంటు కొలిచింది,
ఆమె ఎత్తు కొలిచింది నేను.

మే నెలలో మళ్లీ వెళ్లాను.
ఎవరూ పంపలేదు, ఫీజూ లేదు.
పైన మంచు కరుగుతోంది,
రాళ్ల కింద నీళ్లు ఒకటే గోల.
బకెట్టు పెట్టాను.
ముప్పై మూడు సెకన్లు.
పారబోసి మళ్లీ పెట్టాను.
ముప్పై మూడు.

వెనక తలుపు చప్పుడైంది.
ఉన్ని చెప్పులతోనే తడి గడ్డిలోకి వచ్చి
నా చేతిలో గడియారం వంక చూసింది.

"ఇప్పుడెంత?"

నలభై ఒకటి, అన్నాను.