మూడో కొటేషన్

షువైఖ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి
నీడ కూడా అంగడి షట్టర్ కిందికి దూరుతుంది.
నా చేతిలో మా లాండ్రీ చీటీ:
నాలుగు పోళ్లు, అరవై మూడు ఆంపులు,
లీకేజీ ముప్పై మిల్లీ, పన్నెండు ముక్కలు.
అడుగున ముదీర్ ఎర్రసిరా:
మూడు కొటేషన్లు తప్పనిసరి.

మొదటి అంగట్లో ఇరానీ ముసలాయన
క్యాలిక్యులేటర్ మీద అంకెలు కొట్టి
మాట్లాడకుండా నా వైపు తిప్పాడు.
పద్దెనిమిది దినార్లు, ఏడొందల యాభై ఫిల్సులు.
ఎందుకింత అంటే రాగి పెరిగిందన్నాడు.
పోయిన నెల ఓడ ఆలస్యమైందన్నాడు.
అంతకు ముందు నెల పండగ సెలవులు.
ధరకి ఎప్పుడూ ఏదో ఒక జ్వరం,
దిగడం మాత్రం నేనెన్నడూ చూళ్లేదు.

రెండో అంగట్లో ఆరు దినార్లు.
అదే పెట్టె, అదే రంగు, అదే ముద్ర.
ముద్రలో ఒక్క అక్షరం మాత్రం
సిగ్గుపడి కాస్త పక్కకి తిరిగింది.
అరచేతిలో తూచి చూశాను, కోడిగుడ్డంత తేలిక.
"కాపీ కాదు భాయ్, ఫస్ట్ కాపీ" అన్నాడు కుర్రాడు.
పిండి కొద్దీ రొట్టె అంటారు మా రాయచోటిలో.
ఇక్కడ రొట్టె ఉంది, పిండే లేదు.
అయినా ఒకటి కొన్నాను, శాంపిలుకి.

మూడో అంగడి బీరాన్‌ది.
ధర చెప్పలేదు, టీ చెప్పాడు.
బల్ల కింద నుంచి వైరు లాగి
తన ముక్కని బల్బుకి కలిపి
"బొత్తాం నొక్కు" అన్నాడు.
టక్.
అంతే. వేలు విరిచినంత శబ్దం, చీకటి.

నా జేబులో ఆరు దినార్లదాన్నీ కలిపాడు.
నొక్కాను. మళ్లీ నొక్కాను.
బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కాను.
బల్బు వెలుగుతూనే ఉంది.
వెలుగుని చూసి భయపడడం అదే మొదలు.

"ఇది చేసేది ఒక్కటే లెక్క" అన్నాడు బీరాన్,
"పోయిందెంత, తిరిగొచ్చిందెంత.
సరిపోతే నోరెత్తదు.
పిసరంత తగ్గినా,
ఎవరి ఒంట్లోకి పోయిందని అడగదు,
ముందు ఆపేస్తుంది."
పోయినోళ్లనీ తిరిగొచ్చినోళ్లనీ
ఇంత సన్నంగా లెక్కగట్టే బల్ల
ఏ ఆఫీసులోనూ నేను చూళ్లేదు.

మా ఇస్త్రీ బల్ల కాడ సుంకన్న,
తడి నేల, తడి చెయ్యి.
గోడకి విసిరేసినట్టు పడ్డాడు, బతికాడు.
కుడిచేతి వేళ్లు మూడు ఇప్పటికీ మడవడు, మడవలేడు.
బోర్డు విప్పితే లోపల
సిగ్గుపడ్డ అక్షరం.

పద్నాలుగున్నరకి తెగింది బేరం.
కొసరడిగాను, మన బుద్ధి పోదు గదా.
ఒక టెస్టరిచ్చాడు, ఇంకో టీ.

"ఆరుకి దొరికేదాన్ని పద్నాలుగున్నరకా?
ఏం చేస్తుందది?" అన్నాడు ముదీర్.
"అంతా బాగుంటే జన్మలో ఏమీ చెయ్యదు సార్."
"ఏమీ చెయ్యనిదానికి
నూట డెబ్బై నాలుగు దినార్లా!"

ఫారంలో ఒక గడి ఉంటుంది,
డెలివరీకి పట్టే సమయం.
ఇరానీ ఆయనకి: వారం.
ఫస్ట్ కాపీకి: ఇప్పుడే.
బీరాన్ వరుసలో రాశాను:
సెకనులో పాతికో వంతు.

రెండుసార్లు చదివాడు.
నవ్వలేదు, దిద్దమనీ అనలేదు.
సుంకన్న ఆ వేళ తలుపవతల
దుప్పట్ల బండి తోసుకుపోతున్నాడు,
ఒక చక్రం కీచుమంటూ.
ముదీర్ పన్నెండు కొట్టేసి
ఎనిమిది రాసి సంతకం పెట్టాడు.
మిగతావి వచ్చే బడ్జెట్లో.

ఎనిమిది ఎక్కడెక్కడ పెట్టాలో
సుంకన్ననే అడిగాను.
ఎడమచేత్తో చూపించుకుంటూ ముందు నడిచాడు:
ఇక్కడ, ఇక్కడ, నీళ్లు నిలిచే ఈ మూలన.
తొమ్మిదో బోర్డు కాడికొచ్చి
ఇద్దరం ఆగిపోయాం.